పాట మొదలయ్యే ముందు

పదిహేనేళ్ల కిందటి మాట. చెన్నైలో ఒక కొట్టు. చల్లటి గది, గోడలకు మందపాటి గుడ్డ, నట్టనడుమ ఒకే ఒక సోఫా. ఎదురుగా బల్ల మీద రెండు టర్న్‌టేబుళ్లు. మొదటిదాని ధర అప్పటి నా మూడు నెలల జీతం. రెండోది దానికి నాలుగింతలు. నేను కొనే బాపతు కాదని నా చెప్పులు చూడగానే కొట్టు యజమానికి తెలిసే ఉంటుంది. అయినా కాఫీ తెప్పించాడు. తక్కువ ధరదాని మీద ఒక వీణ రికార్డు వేశాడు. బాగుంది. అదే రికార్డు తీసి రెండోదాని మీద వేశాడు. రాగం అందుకుని నిమిషం కాకుండానే నాకు తేడా తెలిసిపోయింది. వీణ ఒక అడుగు ముందుకు జరిగింది. మంద్రం తీగ నిండుగా పలికింది. "తెలుస్తోందా సార్?" అన్నాడాయన. తెలుస్తోందన్నాను. అబద్ధం కాదు.

ఇంటికొచ్చాక, కొనలేనివాడికుండే ఓపికతో, ఆ రెండింటికీ తగిలించిన కార్ట్రిడ్జ్‌ల, అంటే ముల్లు కదలికను కరెంటుగా మార్చే ముక్కల, లెక్కలు తీశాను. ఒకటి ఇచ్చేది 4 మిల్లీవోల్టులు, రెండోది 5. యాంప్లిఫయర్ మీట కదపకుండా ఉంచితే రెండోది సుమారు 2 డెసిబెళ్లు ఎక్కువగా పలుకుతుంది. అంత కొద్ది తేడాను మన చెవి చప్పుడు పెరిగిందని చెప్పదు, నాణ్యం పెరిగిందని చెబుతుంది. అంటే నేను విన్న తేడా ఉన్నదే. దాని ఖరీదు మాత్రం నాలుగింతలు కాదు, వాల్యూం మీట మీద ఒకటి రెండు గీతలు.

మొన్న మా బావగారు ఫోన్ చేశారు. "ఏమోయ్, కాస్త మంచి టర్న్‌టేబుల్ ఒకటి తీసుకుందామని ఉంది. మన ఊళ్లో దాన్ని వినిపించేవాడు లేడు. చెన్నై వెళ్లి విని కొనమంటావా, వినకుండా తెప్పించేసుకోనా?" కాస్త మంచిదంటే ఆయన లెక్కలో చిన్న కారు ఖరీదు. రిటైరయ్యారు, పిల్లలు స్థిరపడ్డారు, అక్కకింకా చెప్పలేదు. ఆ చెన్నై సోఫా గుర్తొచ్చి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఫోన్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు టర్న్‌టేబుల్ చేసే పనేమిటో చూడాలి. స్పీకరుకు ఒక గొంతు ఉంటుంది. గదికి గొంతు ఉంటుంది. కార్ట్రిడ్జ్‌కీ కొంత ఉంటుంది. టర్న్‌టేబుల్‌కు ఉండకూడదు. రికార్డును సమంగా తిప్పడం, కార్ట్రిడ్జ్‌ను కదలకుండా పట్టుకోవడం, బయటి అదురు దేన్నీ లోపలికి రానీయకపోవడం, ఇవే దాని పనులు. అది చేసే పని అంతా ఏదో ఒకటి జరగకుండా చూడటమే. అలాంటి యంత్రాన్ని వినడమంటే ఏం వినాలి?

లెక్కలు చూస్తే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. 22 నిమిషాల పాటలున్న ఒక పక్క గాడిని సాగదీస్తే దాదాపు అర కిలోమీటరు. ఆ గాడి గోడల వంకరే సంగీతం. ఒక మోస్తరు గట్టిగా కోసిన 1000 హెర్ట్జ్ స్వరానికి ముల్లు అటూ ఇటూ కదిలేది 8 మైక్రాన్లు. అక్కణ్నుంచి 60 డెసిబెళ్లు దిగండి. తంబురా నాదం సన్నగిల్లి గాలిలో కలిసిపోయే చోటు అది. అక్కడ కదలిక అందులో వెయ్యో వంతు, 8 నానోమీటర్లు. మన కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవే 400 నుంచి 700 నానోమీటర్లు. ఆ ముల్లుకు పాట ఏదో మోటారు అదురు ఏదో తెలియదు. బేరింగు గరగర, వీధిలో లారీ, పక్క గదిలో మిక్సీ, ఏది దాన్ని ఆ కాస్త కదిపినా అదీ పాటలో భాగమే.

దీనికి తోడు ఇంకో రెండు చిక్కులు. ఒకటి స్టీరియో తెచ్చింది. ఒకే గాడిలో రెండు గోడల మీద రెండు చానళ్లు, చెరో 45 డిగ్రీల వాలులో కోసే పద్ధతిని ఇంగ్లండులో ఆలన్ బ్లమ్‌లైన్ 1931లోనే పేటెంటు చేయించుకున్నాడు. అలాంటి రికార్డులు అంగట్లోకి వచ్చేసరికి 1950ల చివర అయింది. పాత మోనో రికార్డులో ముల్లు పక్కలకు కదిలితేనే పాట, పైకీ కిందికీ అదిరితే లెక్కలేదు. స్టీరియోలో నిలువు కదలికా పాటే. మోనో కాలంలో చెల్లిపోయిన మోటారు మోత స్టీరియోతో వినపడసాగింది. రెండోది గాడి పొదుపు. మంద్ర స్వరాలను ఉన్నదున్నట్టు కోస్తే గాడి వెడల్పై రికార్డులో చోటు చాలదు. అందుకని కోసేటప్పుడు వాటిని తగ్గించి, వినేటప్పుడు ఫోనో యాంప్లిఫయర్‌లో తిరిగి పెంచుతారు. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఖాయం చేసిన ఆ వక్రరేఖ ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర పెంపు దాదాపు 20 డెసిబెళ్లు. అంటే పది రెట్లు. పాటతో పాటు మోటారు మోత కూడా పది రెట్లు.

ఇంత తెలిశాక టర్న్‌టేబుల్ ముఖ్యమా కాదా అని అడిగేవాడు ఉండడు. కానీ చాలాకాలం లోకం అడిగింది. తిరిగే బల్లే కదా, సమంగా తిరిగితే చాలదా అన్నారు. 1961లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ తరఫున ఒక టర్న్‌టేబుల్ తెచ్చాడు. రికార్డును మోసే పళ్లేన్నీ, ముల్లును మోసే ఆర్మ్‌నూ ఒకే చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని స్ప్రింగుల మీద వేలాడదీసి, మోటారును దానికి అంటకుండా బయట పెట్టాడు. అదురు వస్తే పళ్లెమూ ముల్లూ కలిసి ఊగుతాయి, వాటి మధ్య తేడా రాదు. పడవలో ఉన్న ఇద్దరికి పడవ ఊపు మధ్య ఒకరి ముఖం ఒకరికి కదలనట్టు. ఆ ఊహ ఎంత మంచిదంటే ఈనాటి లక్షల ఖరీదు యంత్రాల్లోనూ అదే కనబడుతుంది. 1970లో జపానులో మత్సుషితా వాళ్లు ఇంకో దారి పట్టారు. బెల్టూ వద్దు, మధ్యలో చక్రమూ వద్దు, పళ్లెం కిందే మోటారు. అది టెక్నిక్స్ ఎస్పీ-10. దాని చిన్న తోబుట్టువు ఎస్ఎల్-1200 తర్వాత ప్రపంచంలోని డీజేలందరి చేతికీ వెళ్లింది.

వీటి వెనకాలే గ్లాస్గోలో లిన్ అనే కంపెనీ వచ్చింది. ఐవర్ టీఫెన్‌బ్రన్ 1970ల మొదట్లో ఎల్పీ12 అనే టర్న్‌టేబుల్ చేసి, ఒక వింత వాదం ఎత్తుకున్నాడు. మీ ఖర్చు స్పీకర్ల మీద కాదు, ముందు టర్న్‌టేబుల్ మీద పెట్టండి. గాడిలోంచి రానిది తర్వాత ఎవరూ పుట్టించలేరు అన్నాడు. వినకుండా నమ్మకండి, కొట్టుకొచ్చి వినండి అనీ అన్నాడు. గదిలో వేరే స్పీకర్లు ఉండకూడదు, అవి ఊరికే ఉన్నా వాటి పొరలు చప్పుడుకు అదురుతాయి అని పట్టుబట్టాడు. ఖరీదైన టర్న్‌టేబుల్‌ను విని కొనడమనే ఆచారం గట్టిపడింది ఈ వాదం వల్లే. చెన్నైలోని నా ఒంటి సోఫాకు పూర్వీకులు స్కాట్లాండులో ఉన్నారన్నమాట.

వినిపించి ఒప్పించడం మాత్రం లిన్ కనిపెట్టింది కాదు. 1915 నుంచి పదేళ్ల పాటు ఎడిసన్ కంపెనీ అమెరికా ఊరూరా టోన్ టెస్ట్ అని సభలు పెట్టింది. వేదిక మీద గాయని, పక్కన ఫోనోగ్రాఫు. ఆమె పాడుతుంది, ఆపుతుంది, రికార్డు అందుకుంటుంది. దీపాలు ఆర్పేస్తారు. వెలిగించి చూస్తే గాయని ఉండదు, పాట వస్తూనే ఉంటుంది. సభ నివ్వెరపోయేది. కార్నెగీ హాలులోనూ జరిగిందిది. ఆ సభల్లో పాడిన ఆనా కేస్ చాలా ఏళ్ల తర్వాత అసలు సంగతి చెప్పింది. తను గొంతు తగ్గించి, ఆ యంత్రం ఎలా పలుకుతుందో అలా పాడేదట. యంత్రం మనిషిలా పాడలేదు, మనిషే యంత్రంలా పాడింది. జనం చెవులు మోసపోలేదు కూడా; ఆ రెండూ ఒకలాగే ఉన్నాయి మరి. తప్పు పరీక్షలో ఉంది.

విల్చర్ కంపెనీ ఇంకాస్త మర్యాదగా చేసింది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషనులో సంగీతపు గది ఒకటి తెరిచి, రైలు కోసం ఆగినవాళ్లు వచ్చి వినే ఏర్పాటు చేసింది. అక్కడ అమ్మకం లేదు. కొనమనేవాడు పక్కన లేకుండా వినడం ఎంత సుఖమో చెప్పుల దగ్గరే దొరికిపోయినవాణ్ని కదా, నాకు తెలుసు.

ఇక చెవి సంగతి. చప్పుడు కొద్దిగా హెచ్చితే బాగున్నట్టు అనిపించడం ఒక్కటే కాదు. చెవి జ్ఞాపకం కూడా చాలా పొట్టిది. పాట గుర్తుంటుంది, పాడినవాళ్లు గుర్తుంటారు. కానీ తాళం చివర చప్పుడు ఎంత మొనదేలి ఉంది, మృదంగం తొప్పి ఎంతసేపు గుమ్మంది అన్న సూక్ష్మాలు కొన్ని సెకన్లకే చెదిరిపోతాయి. ఒక టర్న్‌టేబుల్ మీది రికార్డు తీసి ఇంకోదాని మీద వేసి ముల్లు దించేసరికి నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో పోలిక పోయింది. మిగిలేది అభిప్రాయం. అభిప్రాయాన్ని ధర చీటీ, పళ్లెం బరువు, యజమాని ముఖం నడిపిస్తాయి.

సంగీతం తెలిసినవాళ్లకు ఈ తిప్పలు ఉండవనుకుంటాం. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్, వాళ్ల సహచరులు ఒక హోటల్ గదిలో 21 మంది వయొలిన్ విద్వాంసులను కూచోబెట్టారు. కళ్లకు నల్ల అద్దాలు. చేతికి ఆరు వయొలిన్లు ఇచ్చారు, మూడు కొత్తవి, మూడు స్ట్రాడివారి, గ్వార్నేరి వంశాలకు చెందిన పాతవి. ఎక్కువమందికి నచ్చింది ఒక కొత్త వయొలిన్. అన్నిటికన్నా తక్కువ నచ్చింది ఒక స్ట్రాడివారి. వాయించేది తామే అయినా, చెవి పక్కనే మోగుతున్నా, పేరు తెలియకపోతే తీర్పు తలకిందులైంది.

టర్న్‌టేబుళ్ల లోకంలోనూ అలాంటివి రెండు జరిగాయి. డిజిటల్ పద్ధతి సంగీతాన్ని పాడుచేస్తుందని గట్టిగా వాదించిన టీఫెన్‌బ్రన్ 1984లో ఒక పరీక్షకు ఒప్పుకున్నాడు. ఎల్పీ నుంచి వచ్చే సంకేతాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి సోనీ పీసీఎం-ఎఫ్1 అనే పెట్టెలో అంకెలుగా మార్చి తిరిగి సంగీతం చేసి వినిపించారు. ఏది ఏదో ఆయన నికరంగా చెప్పలేకపోయాడు. రెండోది 2022 నాటిది. పూర్తి అనలాగ్ రికార్డులకు పేరున్న మొబైల్ ఫిడెలిటీ సంస్థ ఎన్నో ఏళ్లుగా తన ఎల్పీల తయారీలో ఒక డిజిటల్ మెట్టు వాడుతోందని బయటపడింది. ఆ ఎల్పీలను ఖరీదైన టర్న్‌టేబుళ్ల మీద విని, డిజిటల్‌లో లేని జీవం ఇందులో ఉందని మురిసిపోయినవాళ్లు ఎందరో. సంస్థ ముందే చెప్పవలసింది, చెప్పలేదు, కోపం న్యాయమే. కానీ ఆ ఏళ్లన్నిటిలో చెవితో పట్టుకున్నవాడు కనబడలేదు. ఈ రెండు కథలనూ ఎగతాళికి చెప్పడం లేదు. వీటితో తర్వాత ఒక పని ఉంది.

ఇదంతా చదివి టర్న్‌టేబుళ్లన్నీ ఒకటే, తేడాలన్నీ భ్రమే అనుకుంటే అదీ పొరపాటే. కొన్ని తేడాలు ఉన్నాయి, బల్లగుద్ది చెప్పొచ్చు. మొదటిది శ్రుతి. పళ్లెం వేగం మెల్లగా ఊగితే స్వరం ఊగుతుంది, గబగబా ఊగితే వణుకుతుంది. ఇంజనీర్లు వావ్, ఫ్లట్టర్ అంటారు. సెకనుకు నాలుగుసార్లు వచ్చే ఊపును మన చెవి అన్నిటికంటే బాగా పడుతుంది. మంచి డైరెక్ట్ డ్రైవ్ యంత్రంలో, అంటే పళ్లెం కిందే మోటారున్నదానిలో, ఈ ఊపు 0.025 శాతం, అది ఎవరికీ వినపడదు. అరిగిన బెల్టు, నూనె ఎండిన బేరింగు ఉన్నదానిలో దానికి పది రెట్లు ఉండొచ్చు, అది వినపడుతుంది. ఎక్కడ వినపడుతుందన్నదే కిటుకు. సినిమా పాటలో అన్నేసి వాయిద్యాల మధ్య దాక్కుంటుంది. గమకాలు దట్టంగా వేసే చోట గాయకుడి ఊపేదో యంత్రం ఊపేదో తేలదు. నాగస్వరం, వేణువు ఒక స్వరం మీద నిలబడినప్పుడు, పియానో మీటి వదిలేసినప్పుడు, ఆలాపనకు ముందు తంబురా ఒక్కటే ఉన్నప్పుడు దొరికిపోతుంది. శ్రుతి పట్ల మనవాళ్ల చెవికున్న పట్టింపు ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. రికార్డు నడిమి రంధ్రం అసలు కేంద్రం నుంచి 0.2 మిల్లీమీటర్లు పక్కకు పడిందనుకోండి. కేంద్రం నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో గాడి ఉన్నప్పుడు వేగం అటూ ఇటూ 0.2 శాతం ఊగుతుంది. యంత్రం ఊపుకు ఎనిమిది రెట్లు. చివరి పాట దగ్గర, గాడి 60 మిల్లీమీటర్లకు వచ్చేసరికి, ముప్పావు మిల్లీమీటరు తప్పితే చాలు, ఊపు 1.25 శాతానికి చేరుతుంది. 81కి 80కి ఉన్న నిష్పత్తి అది, మన శాస్త్రంలో ప్రమాణ శ్రుతి. షడ్జం చుట్టూ ప్రతి 1.8 సెకన్లకూ ఒక ప్రమాణ శ్రుతి పైకీ కిందికీ! పాత రికార్డుల్లో ఇలాంటివి తగులుతూనే ఉంటాయి. దీనికి జపాను వాళ్లు నకమిచి టీఎక్స్-1000లో మందు వేశారు. అది రికార్డు చివరి గాడిని తడిమి, రంధ్రం ఎంత తప్పిందో కొలిచి, పళ్లేన్ని అంత మేర పక్కకు జరిపేది. ముద్దొచ్చే యంత్రం. అంత పని చేసినవాళ్లు తక్కువ. కాబట్టి కొట్లో శ్రుతి ఊగితే ముందు రికార్డును అనుమానించండి. సొంత రికార్డు, రంధ్రం సరిగా ఉన్నదని తెలిసినది, చంకలో పెట్టుకు వెళ్లమనేది అందుకే.

రెండోది ఆర్మ్‌కూ కార్ట్రిడ్జ్‌కూ జాతకం కుదరడం. ఆర్మ్ ఒక బరువు, ముల్లును పట్టుకున్న రబ్బరు ఒక స్ప్రింగు. స్ప్రింగుకు బరువు కడితే దానికో సొంత ఊపు వస్తుంది. ఆర్మ్ బరువూ కార్ట్రిడ్జ్ బరువూ కలిపి 17 గ్రాములు, స్ప్రింగు మెత్తదనం ఇంజనీర్ల లెక్కలో 15 ఉంటే ఊపు సరిగ్గా సెకనుకు 10. ఇది బంగారం. 8 నుంచి 12 మధ్య ఉండాలి. అంతకు తగ్గితే రికార్డు వంకరలకూ, మన అడుగుల చప్పుడుకూ ఆర్మ్ ఎగరడం మొదలెడుతుంది. పెరిగితే మంద్ర స్వరాల్లో వేలు పెడుతుంది. రెండూ విడివిడిగా ఎంత ఖరీదైనవైనా పొంతన కుదరకపోతే కాపురం సాగదు. ఇది చెవితోనే కాదు, కంటితోనూ తెలుస్తుంది. పాట రాకముందే స్పీకరు పొర ముందుకూ వెనక్కూ ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతుంటే పొంతన కుదరలేదన్నమాట.

మూడోది బిగింపు. గుండ్రంగా తిరిగే ఆర్మ్ గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండేది రికార్డు మొత్తంలో రెండే చోట్ల. ఆ రెండు చోట్లూ ఎక్కడ ఉండాలో లోఫ్‌గ్రెన్ అనే ఆయన 1938లో లెక్క కట్టాడు, ఇవాళ్టికీ అదే వాడతాం. కార్ట్రిడ్జ్‌ను ఒక మిల్లీమీటరు తప్పు బిగిస్తే లెక్క తప్పుతుంది, పాట కరకరలాడుతుంది, ముఖ్యంగా లోపలి గాళ్లలో. అక్కడ ముల్లు కింద గాడి సెకనుకు 21 సెంటీమీటర్లే కదులుతుంది, అంచు దగ్గర 51. 10,000 హెర్ట్జ్ స్వరపు అల ఒకటి అంచు దగ్గర 51 మైక్రాన్లు పరుచుకుంటే లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కోవాలి. మామూలు గుండ్రటి ముల్లు మొన వ్యాసార్ధమే 18 మైక్రాన్లు. లోపల దూరలేదు పాపం. అందుకే కొట్లో వినిపించేవాడు ఎప్పుడూ మొదటి పాటే వేస్తాడు. ఆఖరి పాట అడిగి చూడండి.

ఈ మూడింటిలో రెండు టర్న్‌టేబుల్ గుణాలు కావు, దాన్ని అమర్చినవాడి చేతి గుణాలు. పాతిక వేలదాన్ని శ్రద్ధగా అమర్చి, పాతిక లక్షలదాన్ని హడావిడిగా అమర్చితే మొదటిదే గెలుస్తుంది.

అందుకని బావగారికి నేను చెప్పదలుచుకున్నది ఇది. వెళ్తే వెళ్లండి, కానీ పాట వినడానికి కాదు. ముల్లు రికార్డు అంచున దిగాక, మొదటి స్వరం రాకముందు, ఖాళీ గాడి కొన్ని సెకన్లు ఉంటుంది. వాల్యూం పెంచి అది వినండి. ఒకసారి ముల్లు గాల్లో ఉండగా, ఒకసారి ఖాళీ గాడిలో. రెంటికీ మధ్య వచ్చి చేరిన గుర్రుమోత యంత్రానిదీ రికార్డుదీ. తర్వాత పళ్లెం ఆపించి, కదలని రికార్డు మీద ముల్లు ఆనించి, వాల్యూం మామూలుగా ఉంచి బల్లను వేలి కణుపుతో తట్టండి. స్పీకర్లో ఢబ్ ఢబ్ మని గట్టిగా వినపడితే మీ ఇంట్లో అడుగులూ అలాగే వినపడతాయి. ఆర్మ్‌ను వేలితో తాకి చూడండి, కీలు దగ్గర వదులు ఉండకూడదు. లీవరు దించితే ముల్లు దిగిన చోటే దిగాలి, పక్కకు జారకూడదు. పాతికేళ్లు రోజూ ముట్టుకోబోయే వస్తువు. చేతికి నచ్చడం కూడా లెక్కే, దీన్ని చిన్నచూపు చూసే ఇంజనీర్లతో నాకు పడదు. రెండింటిని పోల్చాలంటే ఒకే రకం కార్ట్రిడ్జ్ రెంటికీ ఉండాలి. పరీక్ష రికార్డులోని 1000 హెర్ట్జ్ స్వరం పెట్టి, స్పీకరు తీగల దగ్గర మల్టీమీటరుతో వోల్టేజి సమం చేయమనండి. ఆ మాటకు అవతలివాడు ముఖం ముడుచుకున్నాడంటే అక్కడ వినడం దండగ.

ఇన్ని చేసినా ఇల్లు వేరే. ఆ చెన్నై గదిలో సీలింగు ఫ్యాను లేదు. మన హాల్లో ఉంది. దాని హోరు కింద 60 డెసిబెళ్ల దిగువ తంబురా ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గచ్చు నేల మీద స్ప్రింగుల టర్న్‌టేబుల్ అక్కర్లేకపోవచ్చు, మేడ మీది చెక్క అలమరలో అయితే కావాలి. ఇక కరెంటు. దీని సంగతి బావగారికి నేను చెప్పనవసరం లేదు. ఆరేళ్ల కిందట వాళ్లబ్బాయి న్యూజెర్సీ నుంచి అక్కడి పాత బెల్ట్ డ్రైవ్ ఒకటి మోసుకొచ్చాడు. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలించారు. పాట మొదలెట్టగానే అక్క వంటింట్లోంచి వచ్చి "ఈవిడకి జలుబు చేసిందా?" అంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఆ రకం సింక్రొనస్ మోటారు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది. 33⅓ చుట్లు దాదాపు 27.8కి పడిపోయాయి. అయిదు శ్రుతిలో పాడిన విదుషీమణి మూడు శ్రుతికి దిగింది. ఆ పెట్టెను అమెరికాలో ఎంత శ్రద్ధగా విని కొన్నా ఇది తెలిసేది కాదు. చివరికి మోటారు మీది పుల్లీని 50 హెర్ట్జ్‌కు సరిపోయేదిగా మార్పిస్తే ఆవిడ గొంతు ఆవిడకొచ్చింది.

మరి ఊళ్లో వినిపించేవాడు లేనివాళ్ల గతేమిటి? ఇక్కడే ఆ రెండు కథలతో పని. ఎల్పీ నుంచి వచ్చే సంకేతాన్ని అంకెలుగా మార్చినా, టర్న్‌టేబుల్ అంటే ప్రాణమిచ్చేవాళ్లకే పట్టుబడలేదంటే, టర్న్‌టేబుల్‌ను రికార్డు చేసి పంపించొచ్చు. ఒకే కార్ట్రిడ్జ్, ఒకే రికార్డు, రెండు యంత్రాలు; ఫోనో యాంప్లిఫయర్ దగ్గర 24 బిట్లలో తీసుకున్న రెండు ఫైళ్లు. వాటి మట్టం సమం చేసుకుని, పేర్లు ఎవరిచేతైనా మార్పించి, హెడ్‌ఫోన్లలో అరసెకనులో ఇటూ అటూ మారుతూ వినొచ్చు. నిమిషం ఆగక్కర్లేదు, కాఫీ మొహమాటం లేదు. గది, స్పీకరు పోటీలోంచి తప్పుకుంటాయి. స్పీకరు చప్పుడుకు టర్న్‌టేబుల్ అదిరే సంగతి ఒక్కటే ఇందులో తెలియదు, అది ఎలాగూ ఇంటికొస్తే గాని తేలదు. అందుకని తిరిగి తీసుకునే గడువు ఎన్నాళ్లో ధర కంటే ముందు అడగాలి. అనలాగ్ భక్తులకు ఈ ఉపాయం అపచారంలా ఉంటుందని తెలుసు. చెన్నై టికెట్టు కంటే నయం.

ఇదంతా చెబితే బావగారు విన్నారు, నవ్వారు, ఒక అమ్మకందారుకు అలాగే రాశారు. మొదటి పాట వద్దు, ఖాళీ గాడే మళ్లీ మళ్లీ కలిపి రెండు నిమిషాలు, తంబురా ఒక నిమిషం, ఆఖరి పాట ఆఖరి నిమిషం అని. అమ్మకందారు విచిత్రంగా ఒప్పుకుని ఫైళ్లు పంపించాడు. ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి బావగారు హాల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, కదలకుండా కూచుని ఉన్నారు. అక్క నన్ను చూసి, ఆయన వైపు చెయ్యి చూపించి, "అరగంట నుంచి ఇదే వరస. ఏం వింటున్నారో అడుగు" అంది. అడిగాను. ఒక చెవి మీది తొడుగు కాస్త ఎత్తి, "ఇంకా పాట మొదలవలేదోయ్. ముందా ఫ్యాను కట్టెయ్" అన్నారు.